ఇస్తబ్రాక్: ఫ్లాట్ రేసుల్లో ఓడిన గుర్రం హర్డిల్స్‌లో ఎలా నెగ్గింది?

ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో ఏటా మార్చి నెలలో ఛాంపియన్ హర్డిల్ అనే గుర్రపు పందెం జరుగుతుంది. 1927లో మొదలైన ఈ రేసును మూడుసార్లు గెలిచిన గుర్రాలు ఐదే ఐదు. హ్యాటన్స్ గ్రేస్, సర్ కెన్, పర్షియన్ వార్, సీ యూ దెన్, ఇస్తబ్రాక్. నాలుగోసారి గెలిచిన గుర్రం ఒక్కటీ లేదు. ఐదింటిలో ఆఖరిది ఇస్తబ్రాక్. అది 1998, 1999, 2000లో వరసగా గెలిచింది. అప్పటినుంచి పాతికేళ్లు గడిచాయి, ఆరో పేరు ఇంకా చేరలేదు.

అయితే ఈ గుర్రం కథలో లెక్కలకంటే ఆసక్తికరమైన విషయం ఇంకొకటి ఉంది. నాలుగేళ్ల వయసు వచ్చేదాకా దాన్ని ఎవరూ గొప్ప గుర్రం అనుకోలేదు. పుట్టుక గొప్పది, యజమాని గొప్పవాడు, ట్రైనర్ పేరున్నవాడు, అయినా పరుగు చూస్తే అంతంతమాత్రం. వేలానికి పెడితే ఒక మధ్యరకం ధరకు అమ్ముడుపోయింది. ఆ గుర్రమే రెండేళ్లు తిరగకుండా ఐర్లండ్ మొత్తం నెత్తిన పెట్టుకున్న ఛాంపియన్ ఎలా అయింది? దీనికి జవాబు కొంత ఆ గుర్రం కాళ్లలో ఉంది, కొంత ఆ కాళ్లను సరిగ్గా చూసిన ఒక మనిషి కంట్లో ఉంది.

ముందు ఆట సంగతి చెప్పుకోవాలి. హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సుకు వెళ్లినవాళ్లు చూసేది ఫ్లాట్ రేసులు. చదునైన ట్రాక్, మధ్యలో అడ్డేమీ ఉండదు, ఎవరి వేగం వాళ్లది. బ్రిటన్, ఐర్లండ్‌లలో దీనికి సమానంగా ఇంకో సంప్రదాయం ఉంది, అడ్డంకులు దాటుతూ పరుగెత్తే రేసులు. 1752లో ఐర్లండ్ కార్క్ ప్రాంతంలో ఇద్దరు పెద్దమనుషులు పందెం కట్టి ఒక చర్చి గోపురం నుంచి మరో ఊరి చర్చి గోపురం దాకా, గోడలూ కంచెలూ దాటుకుంటూ గుర్రాలు ఉరికించారని చెబుతారు. చర్చి గోపురాన్ని స్టీపుల్ అంటారు కాబట్టి స్టీపుల్‌ఛేజ్ అనే పేరు వచ్చింది.

ఈ అడ్డంకుల రేసుల్లో మళ్లీ రెండు రకాలు. స్టీపుల్‌ఛేజ్‌లో దాటాల్సిన ఫెన్సులు కనీసం నాలుగున్నర అడుగుల ఎత్తు, దట్టంగా కట్టినవి. గుర్రం తగిలితే ఫెన్సు కదలదు, గుర్రమే పడుతుంది. రెండోది హర్డిల్ రేసు. హర్డిల్ అంటే అసలు అర్థం తడిక. గొర్రెల మందకు దొడ్డి కట్టడానికి వాడే తడికలనే మొదట్లో ట్రాక్‌కి అడ్డంగా పాతారు. ఇప్పటికీ సంప్రదాయ హర్డిల్ ఆ తరహాలోనే ఉంటుంది. ఎత్తు మూడున్నర అడుగులు, చట్రంలో పుల్లలు అల్లి, ముందుకు కాస్త వాల్చి నేలలో గుచ్చుతారు. గుర్రం కాలు తగిలితే వంగుతుంది, ఒక్కోసారి పక్కకు పడిపోతుంది.

హర్డిల్ గుర్రానికి కావలసిన విద్య ఏమిటో ఇక్కడే తెలిసిపోతుంది. దానికి ఎత్తుగా దూకే పని లేదు. తెలుగులో దూకడం వేరు, దాటడం వేరు. మంచి హర్డిల్ గుర్రం దాటుతుంది. పరుగులో వేసే మామూలు అంగనే ఒక్కటి కాస్త పెద్దదిగా వేసి, తడిక పైభాగాన్ని దాదాపు ఒరుసుకుంటూ అవతల దిగి, అదే ఊపులో తర్వాతి అంగ వేస్తుంది. తొందరపడి దూరం నుంచే లేస్తే ఒళ్లు సాగిపోయి దిగేటప్పుడు తూలుతుంది. మరీ దగ్గరకొచ్చి లేస్తే నిట్టనిలువుగా పైకి పోయి నిట్టనిలువుగా దిగుతుంది, ఊపంతా అక్కడే చస్తుంది. ఛాంపియన్ హర్డిల్ దూరం రెండు మైళ్లకు కాస్త పైన, దాటాల్సిన తడికలు ఎనిమిది. ఒక్కో తడిక దగ్గర అర లెంగ్త్ కలిసొచ్చినా మొత్తం నాలుగు లెంగ్తులు. లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు, సుమారు ఎనిమిది అడుగులు. పెద్ద రేసుల్లో గెలుపోటములు అంతకంటే చిన్న తేడాతోనే తేలిపోతుంటాయి.

అందుకే హర్డిల్ ఛాంపియన్లలో చాలామంది ఫ్లాట్ రేసుల నుంచే వచ్చారు. వేగం అక్కడిదే కావాలి, కానీ ఆ వేగాన్ని రెండు మైళ్లు నిలబెట్టుకునే దమ్ము ఉండాలి, దాటేటప్పుడు దాన్ని పోగొట్టుకోకూడదు. ఫ్లాట్‌లో ఆఖరి రెండు ఫర్లాంగుల్లో మెరుపులా దూసుకుపోలేని గుర్రం ఇక్కడ మహా వేగవంతమైన గుర్రం కావచ్చు. ఇస్తబ్రాక్ విషయంలో జరిగింది అదే.

ఇస్తబ్రాక్ 1992లో పుట్టింది. తండ్రి శాడ్లర్స్ వెల్స్, ఆ కాలంలో యూరప్‌లో అంతకు మించిన విత్తన గుర్రం లేదు. తల్లి బెట్టీస్ సీక్రెట్. ఆ తల్లికి తండ్రి 1973లో అమెరికాలో ట్రిపుల్ క్రౌన్, అంటే అక్కడి మూడు పెద్ద ఫ్లాట్ రేసులూ ఒకే ఏడాది గెలిచిన సెక్రటేరియట్. అదే తల్లికి పుట్టిన సెక్రెటో 1984లో ఇంగ్లండ్‌లోని ప్రసిద్ధ ఫ్లాట్ రేసు ఎప్సమ్ డెర్బీ గెలిచింది. ఇంతటి రక్తం ఉన్న పిల్లకు యజమాని దుబాయ్ రాజకుటుంబానికి చెందిన షేక్ హమ్దాన్ అల్ మక్తూమ్. ఇస్తబ్రాక్ అనేది అరబ్బీ మాట, అర్థం మందపాటి జరీ పట్టు. ఖురాన్‌లో స్వర్గవాసుల వస్త్రాల వర్ణనలో ఆ మాట వస్తుంది. ఎంత ఆశతో పెట్టిన పేరో ఊహించుకోవచ్చు.

ఇంగ్లండ్‌లో జాన్ గాస్డెన్ దగ్గర శిక్షణ పొంది ఫ్లాట్‌లో 11 రేసులు పరుగెత్తితే గెలిచింది రెండే. డెర్బీ విజేత తమ్ముడి మీద పెట్టుకున్న ఆశలతో పోలిస్తే ఇది ఏమూలకూ రాదు. కానీ గాస్డెన్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేస్తున్న జాన్ డర్కన్ అనే ఐర్లండ్ యువకుడు ఆ గుర్రాన్ని రోజూ దగ్గర నుంచి చూస్తున్నాడు. అతను స్వయంగా అడ్డంకుల రేసుల్లో అమెచ్యూర్ జాకీ. గుర్రంలో ఏది లేదో అందరికీ కనబడుతుంటే, ఏది ఉందో అతనికి కనబడింది. సొంతంగా ట్రైనర్ కావాలన్న ఆలోచనలో ఉన్న డర్కన్, లిమెరిక్‌కు చెందిన ప్రసిద్ధ పందెగాడు, గుర్రాల యజమాని జె.పి. మెక్‌మానస్‌ను ఆ గుర్రాన్ని కొనమని ఒప్పించాడు. 1996 జూలైలో న్యూమార్కెట్ వేలంలో 38,000 గినీలకు గుర్రం చేతులు మారింది. న్యూమార్కెట్‌లో గుర్రాల వేలం ఇప్పటికీ గినీల్లోనే సాగుతుంది, ఒక గినీ అంటే పౌండు మీద ఐదు పెన్నీలు. అంటే సుమారు 40 వేల పౌండ్లు. వచ్చే చెల్టెన్‌హామ్‌లో ఇది కొత్త గుర్రాల, అంటే హర్డిల్స్‌కు కొత్తగా వచ్చిన గుర్రాల, రేసు గెలుస్తుందని డర్కన్ ముందే చెప్పాడని రేసింగ్ వర్గాల్లో అందరూ చెప్పుకునే సంగతి.

గుర్రం చేతికి వచ్చిన కొద్ది కాలానికే డర్కన్‌కు లుకేమియా అని తేలింది. తను కోలుకునేదాకా గుర్రాన్ని చూసుకోమని ఐర్లండ్‌లో ఎయిడన్ ఓబ్రయన్‌కు అప్పగించారు. ఓబ్రయన్ అప్పటికి పాతికేళ్లు దాటిన కుర్రవాడు. తర్వాతి కాలంలో ఫ్లాట్ రేసింగ్‌లో ప్రపంచ ప్రసిద్ధుడైన ట్రైనర్ అతనే, కానీ అప్పట్లో అతని పేరు మోగింది అడ్డంకుల రేసుల్లోనే. జాకీ చార్లీ స్వాన్. ఐర్లండ్ ఛాంపియన్ జాకీగా తొమ్మిదిసార్లు నిలిచినవాడు. ఇస్తబ్రాక్ జీవితంలో పరుగెత్తిన 29 హర్డిల్ రేసుల్లోనూ జీను మీద కూర్చున్నది స్వాన్ ఒక్కడే. ఇది చిన్న విషయం కాదు. పెద్ద యజమానులు, పెద్ద ట్రైనర్లు ఉన్నచోట గాయాలతోనో, ఒప్పందాలతోనో జాకీలు మారుతూనే ఉంటారు. ఆరేళ్లపాటు ఒక గుర్రం నోటికి ఒకే చేతి పగ్గాలు అలవాటు కావడం అరుదు.

అది ఈ గుర్రానికి మరీ అవసరం కూడా. ఇస్తబ్రాక్ స్వభావరీత్యా నిబ్బరం గల గుర్రం కాదు. రేసుకు ముందు జనాన్ని చూస్తే టెన్షన్ పడేది, ఒళ్లంతా చెమటలు కారేవి, ఒకచోట నిలిచేది కాదు. రేసుకు ముందే ఇలా శక్తి ఖర్చు చేసుకునే గుర్రాలు ఆఖరి ఫర్లాంగులో తేలిపోతాయి. దాన్ని చల్లబరచి, గుంపు మధ్యలో నెమ్మదిగా నడిపించి, సరైన చోట వదలడమే స్వాన్ చేసిన పని.

మొదటి హర్డిల్ రేసు 1996 నవంబర్‌లో పంచెస్‌టౌన్‌లో. అందులో కొద్దిపాటి తేడాతో రెండో స్థానం. ఆ తర్వాత దాదాపు ఏడాదిన్నర దాకా ఓటమి లేదు. 1997 మార్చిలో చెల్టెన్‌హామ్‌లో కొత్త గుర్రాల రేసు, డర్కన్ ముందే చెప్పిన ఆ రేసు, గెలిచింది. గెలుపు తర్వాత ఓబ్రయన్ ఆ ఘనతను డర్కన్‌కే ఇచ్చాడు. ఇది జాన్ గుర్రం, నేను చూసుకుంటున్నానంతే అన్న ధోరణి అతనిలో మొదటినుంచీ కనబడింది. 1998 జనవరిలో, 31 ఏళ్ల వయసులో, డర్కన్ చనిపోయాడు. తను ఎంచిన గుర్రానికి అతను ఒక్కరోజు కూడా ట్రైనర్ కాలేదు.

రెండు నెలలు నిండకుండానే మార్చి 17న ఛాంపియన్ హర్డిల్. ఐర్లండ్ వాళ్లకు అది సెయింట్ ప్యాట్రిక్ పండుగ రోజు. చెల్టెన్‌హామ్‌కు ఏటా సముద్రం దాటి వేలమంది ఐరిష్ జనం వస్తారు, ఆ రోజు వాళ్ల డబ్బూ, వాళ్ల గుండెలూ ఒక్క గుర్రం మీదే ఉన్నాయి. ఇస్తబ్రాక్ 12 లెంగ్తుల తేడాతో గెలిచింది. ఛాంపియన్ హర్డిల్ లాంటి రేసులో అంత తేడా కొన్ని దశాబ్దాలకు ఒకసారి కూడా రాదు. ఆఖరి మలుపు తిరిగాక అసలది పోటీయే కాలేదు. రెండో స్థానంలో వచ్చిన థియేటర్‌వరల్డ్ కూడా ఓబ్రయన్ శిక్షణలోదే. పాపం ఆ గుర్రం 1997లో, 1998లో, 1999లో మూడేళ్లు వరసగా ఇదే రేసులో రెండో స్థానం దగ్గరే ఆగిపోయింది.

గెలిచిన రేసులకంటే ఓడిన రేసులే ఒక గుర్రం స్వభావాన్ని ఎక్కువగా చెబుతాయి. 1998 ఏప్రిల్‌లో ఎయింట్రీలో ప్రిడ్‌వెల్ చేతిలో తల తేడాతో ఓడింది. నేల వర్షానికి బురదబురదగా ఉంది. బురదలో వేగం పనిచేయదు, కాళ్లు దిగబడతాయి, చివరికి మొండితనం ఎవరికి ఎక్కువ ఉంటే వాళ్లదే గెలుపు. ప్రిడ్‌వెల్ మీద ఉన్నది ఏ.పీ. మెకాయ్, మొండితనంలో అతనికి సాటి వచ్చే జాకీ లేడు. 1999 నవంబర్‌లో ఫెయిరీహౌస్‌లో ఇంకో ఓటమి. ఒక చిన్న రైతు కుటుంబం ఇంట్లో పెంచి తీర్చిదిద్దిన లైమ్‌స్టోన్ లాడ్ మొదటినుంచే ముందుకు దూసుకుపోయింది. ఎలాగూ అలసిపోతుందిలే అని స్వాన్ వెనక ఆగాడు. అది అలసిపోలేదు. రెండున్నర మైళ్లూ ముందు ఉండే గెలిచింది. ఐర్లండ్‌లో ఆ గెలుపును ఎంతోమంది తమ గెలుపుగానే జరుపుకున్నారు.

ఈ రెండు ఓటములనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇస్తబ్రాక్ బలం ఏమిటో స్పష్టమవుతుంది. గట్టి నేల మీద, ఓ మోస్తరు వేగంతో సాగే రేసులో, ఎవరో ఒకరి వెనక కుదురుగా ఉండి, ఆఖరి రెండు తడికల మధ్య మిగతావాటికి చేతకాని వేగం అందుకోవడం. అక్కడ దాన్ని కొట్టే గుర్రం ఆ నాలుగేళ్లలో లేదు. దాన్ని ఓడించాలంటే నేల మెత్తబడాలి, లేదా మొదటినుంచీ దాని లెక్క తప్పించాలి.

1999 ఛాంపియన్ హర్డిల్‌కు బుక్‌మేకర్లు ఇచ్చిన ధర 4-9. అంటే తొమ్మిది పౌండ్లు ఒడ్డితే లాభం నాలుగు పౌండ్లే. గెలుపు మీద ఎవరికీ అనుమానం లేదన్నమాట. మూడున్నర లెంగ్తులతో గెలిచింది. 2000లో మాత్రం రేసుకు ముందురోజు గుండెలు ఆగినంత పనైంది. చెల్టెన్‌హామ్ చేరాక గుర్రం ముక్కు దగ్గర కాస్త రక్తం కనబడింది. పరుగు గుర్రానికి ఊపిరితిత్తుల నుంచి రక్తం వస్తే అంతకంటే పెద్ద ప్రమాద సూచన ఉండదు. ఊపిరి అందకపోతే ఎంత గొప్ప గుర్రమైనా సగం దారిలోనే ఆగిపోతుంది. రాత్రంతా చూసి, పరీక్షించి, ఆఖరికి పరుగెత్తించాలనే నిర్ణయించారు. హోర్స్ లా లోయ్ అనే గుర్రాన్ని నాలుగు లెంగ్తుల వెనక వదిలి మూడోసారి గెలిచింది. ఆ నిర్ణయం తీసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో, తేడా వస్తే ఎన్ని మాటలు పడాల్సి వచ్చేదో ఆలోచిస్తే, మూడింటిలో ఇదే కష్టమైన గెలుపు అనిపిస్తుంది.

ఇక 2001. ఆ ఏడాది ఫిబ్రవరిలో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి బయటపడింది. గొడ్లున్న ఏ తెలుగు రైతుకైనా ఈ పేరు కొత్త కాదు. గిట్ట చీలిన పశువులకు, అంటే ఆవులు, గేదెలు, గొర్రెలు, పందులకు వచ్చే జబ్బు ఇది. గుర్రానికి గిట్ట చీలి ఉండదు కాబట్టి దానికి రాదు. కానీ వ్యాధిని మనుషుల చెప్పులు, బండ్ల చక్రాలు మోసుకుపోతాయి. వేలమంది ఐర్లండ్ నుంచి ఇంగ్లండ్ పల్లెసీమలకు వచ్చి మళ్లీ తమ పాడి ఊళ్లకు తిరిగి వెళ్లడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. చెల్టెన్‌హామ్ రేసులను ముందు వాయిదా వేశారు, దగ్గర్లోనే వ్యాధి కనబడటంతో తర్వాత పూర్తిగా రద్దు చేశారు. ఆ ఏడాది బ్రిటన్‌లో అరవై లక్షలకు పైగా పశువులను చంపేశారు. ఆ నష్టం ముందు ఒక గుర్రం రేసు ఆగిపోవడం పెద్ద విషయం కాదు. కానీ ఎన్నడూ ఏ గుర్రమూ అందుకోని నాలుగో గెలుపు అవకాశం ఇస్తబ్రాక్‌కు అలా పోయింది.

రద్దు కాకపోతే నాలుగోది ఖాయం అని చాలామంది అభిమానులు ఇప్పటికీ అంటారు. ఆ సీజన్‌ను జాగ్రత్తగా చూస్తే అంత ఖాయంగా చెప్పలేం. 2000 డిసెంబర్‌లో లెపర్డ్స్‌టౌన్‌లో ఇస్తబ్రాక్ పడిపోయింది, మాస్కో ఫ్లయర్ గెలిచింది. 2001 జనవరిలో మాస్కో ఫ్లయర్ పడిపోయింది, ఇస్తబ్రాక్ గెలిచి ఐరిష్ ఛాంపియన్ హర్డిల్‌ను వరసగా నాలుగోసారి తన ఖాతాలో వేసుకుంది. ఏప్రిల్‌లో అదే లెపర్డ్స్‌టౌన్‌లో ఆఖరి తడిక దగ్గర ఇస్తబ్రాక్ మళ్లీ పడింది, మాస్కో ఫ్లయర్ మళ్లీ గెలిచింది. అంతకు ముందు నాలుగేళ్లలో ఒక్కసారి కూడా పడని గుర్రం ఒకే సీజన్‌లో రెండుసార్లు పడిందంటే, ఏళ్లు మీద పడుతున్నాయనే అర్థం. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. తడికను ఒరుసుకుంటూ పోవడమే దాని బలం, అంగ కొలతలో జానెడు తేడా వచ్చినా ఆ బలమే పతనానికి కారణమవుతుంది. అవకాశం మిగతా గుర్రాలకంటే దానికే ఎక్కువ ఉండేది, అంతవరకు నిజం. మాస్కో ఫ్లయర్ కూడా సామాన్యమైనది కాదు, తర్వాత స్టీపుల్‌ఛేజ్‌కు మారి 2003లో, 2005లో చెల్టెన్‌హామ్‌లో రెండు మైళ్ల ఛేజ్ ఛాంపియన్ అయింది.

2001 డిసెంబర్‌లో ఒక గెలుపు, అదీ చెమటోడ్చి. అదే దాని ఆఖరి విజయం. 2002 మార్చిలో పదేళ్ల వయసులో మళ్లీ చెల్టెన్‌హామ్‌కు వచ్చింది. జనం ప్రేమతో మళ్లీ దాని మీదే డబ్బు పెట్టారు. రెండు తడికలు దాటగానే గుర్రం అడుగులో తేడా స్వాన్‌కు తెలిసిపోయింది. పగ్గాలు బిగించి పక్కకు తీసుకొచ్చి ఆపేశాడు. ఫేవరెట్ మధ్యలో ఆగిపోతే స్టాండ్స్‌లో తిట్లు వినబడటం మామూలు. ఆ రోజు చప్పట్లు వినబడ్డాయి. అవతల రేసు ఇంకా సాగుతుండగానే, తమ డబ్బు పోయిందని తెలిసిన జనం ఆగిపోయిన గుర్రానికి చప్పట్లు కొట్టారు. రెండేళ్ల కిందట దాని వెనక రెండో స్థానంలో వచ్చిన హోర్స్ లా లోయ్ ఆ రేసు గెలిచింది. ఇస్తబ్రాక్ మళ్లీ పరుగెత్తలేదు.

29 హర్డిల్ రేసుల్లో 23 గెలుపులు, మూడుసార్లు రెండో స్థానం, రెండుసార్లు పడటం, ఒకసారి ఆపేయడం. తన కాళ్ల మీద నిలబడి రేసు పూర్తి చేసిన ప్రతిసారీ మొదటిదో, రెండోదో అయిందన్నమాట. అందులో 14 విజయాలు అత్యున్నత స్థాయి గ్రేడ్ వన్ రేసుల్లో వచ్చాయి. సంపాదన పది లక్షల పౌండ్లు దాటింది. తర్వాతి తరంలో హరికేన్ ఫ్లై గ్రేడ్ వన్ విజయాల్లో దీన్ని దాటింది, ఐరిష్ ఛాంపియన్ హర్డిల్ ఐదుసార్లు గెలిచింది. అయినా చెల్టెన్‌హామ్‌లో దానికి దక్కినవి రెండే.

ఫ్లాట్ రేసుల ఛాంపియన్ మూడు నాలుగేళ్లకే విత్తన గుర్రంగా వెళ్లిపోతుంది, అసలు డబ్బంతా అక్కడే. ఇస్తబ్రాక్ గెల్డింగ్, అంటే విత్తులు తీయించిన గుర్రం. దానికి సంతానం లేదు, రక్తం అమ్ముకునే అవకాశమూ లేదు. అందుకే అడ్డంకుల రేసుల్లో గుర్రం ఏటా తిరిగి వస్తుంది, జనం దానితోపాటు వయసు పెంచుకుంటారు, ఇంటి గుర్రంలా అనుకుంటారు. మెక్‌మానస్ దాన్ని లిమెరిక్‌లోని తన మార్టిన్స్‌టౌన్ గుర్రాల క్షేత్రంలోనే ఉంచుకున్నాడు. రేసులు మానేశాక అక్కడే 22 ఏళ్లు పచ్చికలో తిరిగి, 2024 జూలైలో, 32 ఏళ్ల వయసులో చనిపోయింది. గుర్రానికి అది నిండు నూరేళ్లకు సమానమైన వయసు.

ఏటా చలికాలం మొదట్లో ఐర్లండ్‌లో జాన్ డర్కన్ పేరు మీద ఒక పెద్ద ఛేజ్ రేసు నడుపుతారు. అది జరిగేది పంచెస్‌టౌన్‌లో, 1996 నవంబర్‌లో ఇస్తబ్రాక్ తన మొదటి తడిక దాటిన చోట.